కోర్టు లేచేవరకు

"ఇకమీదట ఈ దేశంలో ఏ న్యాయమూర్తీ అన్యాయంగా కోప్పడడానికి వీల్లేదు. కోప్పడాలనుకుంటే న్యాయంగా కోప్పడాలి" అని న్యాయశాఖ మంత్రిగారు ప్రకటించారు.

చప్పట్లు కొట్టడానికి పిలిపించినవాళ్ళు చప్పట్లు కొట్టారు. దాంతో మంత్రిగారికి ఉత్సాహం పొంగి అసలు సంగతి కూడా చెప్పేశారు. కోర్టు హాల్లో అధికారాన్ని దుర్వినియోగం చేసిన జడ్జి ఎంతటివాడైనా సరే, ఫైలు కదిలేదాకా ఆగకుండా ఫోన్లోనే సస్పెండ్ చేసే చట్టం తెచ్చామన్నారు. దాని పేరు న్యాయమూర్తుల సత్ప్రవర్తన చట్టం. పేరు మంత్రిగారు స్వయంగా పెట్టారు. మిగతా చట్టం ఎవరు రాశారో ఇంకా తెలియలేదు.

"ఇప్పటిదాకా ఎంతమందిని సస్పెండ్ చేశారు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

మంత్రిగారు గడియారం చూసుకున్నారు. "చట్టం ఇప్పుడేగా వచ్చింది. భోజనాల వేళకి ఒకణ్ణి చేస్తాం" అన్నారు.

అన్న మాట మీద నిలబడే మంత్రులు అరుదు. ఈయన నిలబడ్డారు. ఆయనతోపాటు ఇంకొకరు కూడా నిలబడాల్సి వచ్చింది.

ఆ ఇంకొకరు కుర్చీల మేస్త్రీ. కోర్టు వెనక సందులో అతనికి చిన్న కొట్టు ఉంది. కూర్చోడానికి పనికిరాని కుర్చీలను మళ్ళీ కూర్చోడానికి పనికొచ్చేట్టు చేయడం అతని వృత్తి. మంత్రిగారు మైకు ముందు మాట్లాడుతున్న సమయానికే అతను కోర్టులో సాక్షి బోనెక్కాడు. ఒక హోటల్లో ఇద్దరు వాటాదారులు కుర్చీతో కొట్టుకున్నారు. ఆ కుర్చీ తాను బాగుచేసినదే అని చెప్పి ఇంటికి వెళ్ళిపోవడమే అతని పని.

ఆ హాల్లో జడ్జిగారి క్రమశిక్షణ గురించి ఎంత చెప్పినా తక్కువే. దగ్గినవాడికి జరిమానా, ఆవలించినవాడికి హెచ్చరిక. ఒకసారి ఒక వకీలుగారి బూట్లు కీచుమంటే, కేసు అయ్యేదాకా ఆ బూట్లను టేబుల్ మీద సాక్ష్యంగా పెట్టించి ఆయనతో వట్టి కాళ్ళ మీద వాదింపజేశారు. ఆ హాల్లో చప్పుడు చేసే హక్కు ఒక్క జడ్జిగారి కుర్చీకే ఉండేది. ఆయన ఎటు కదిలితే అటు అది కిర్రుమనేది.

ఇన్నేళ్ళలో దాన్ని విననట్టు నటించడం అందరికీ అలవాటైపోయింది. కొత్తగా వచ్చిన మేస్త్రీకి మాత్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. వకీలుగారు కింద పడి ఉన్న విరిగిన కుర్చీని చూపించి, "ఇది నువ్వు బాగుచేసిన కుర్చీయేనా?" అని అడిగారు. మేస్త్రీ చూపు అప్పటికే పైనున్న కుర్చీ మీదుంది.

"అబ్బే, కాదండి. నేను చేసుంటే అలా కిర్రుమనదు. ఎడమ కాలు వదులైపోయిందండి. రెండు మేకులు దిగేస్తే సరిపోతుంది. లేకపోతే ఏదో ఒక రోజు దొర్లిపోతుందండి" అన్నాడు.

వకీలుగారు చప్పుడు కాకుండా రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏ కుర్చీ?" అన్నారు జడ్జిగారు.

"తమరు కూర్చున్నదేనండి."

"న్యాయపీఠం దొర్లిపోతుందంటావా?"

"పీఠం కాదండి, కుర్చీ."

"ఇది కుర్చీ కాదు! న్యాయపీఠం!"

మేస్త్రీ మెడ సాచి దాన్ని మరోసారి శ్రద్ధగా చూశాడు. "పీఠమైనా టేకేనండి" అన్నాడు, ధైర్యం చెబుతున్నట్టు.

జడ్జిగారు లేచి నిలబడలేదుగానీ కూర్చున్నచోటే రెండంగుళాలు పెరిగారు. కోర్టు ధిక్కారం కింద అప్పటికప్పుడు శిక్ష చెప్పారు. కోర్టు లేచేవరకు ముద్దాయి ఈ హాల్లోనే నిలబడి ఉండాలి. కూర్చున్నట్టు కనిపిస్తే ఆరు నెలలు జైలు. సాక్షిగా బోనెక్కిన మేస్త్రీ ముద్దాయిగా దిగి గోడవారగా నిలబడ్డాడు.

"అదృష్టవంతుడివి. కోర్టు లేచేవరకూ అంటే ఎంత, సాయంత్రందాకా. గంట కొట్టగానే ఇంటికి పోతావు" అని బెంచి గుమాస్తా చెవిలో చెప్పాడు. ఆ గుమాస్తా ఆ హాల్లోనే జుట్టు నెరిసినవాడు. ఆయన మాటకు తిరుగులేదు.

వెనక బెంచీలో ఉన్న ఒక చురుకైన విలేకరి మెల్లగా బయటికి జారుకుని మంత్రిగారి ఆఫీసుకి ఫోన్ చేశాడు. భోజనాల వేళకి ఇంకా కొంచెం టైముంది. మంత్రిగారు మేస్త్రీ పేరైనా అడగలేదు. జడ్జిగారి ఫోన్ నంబరు అడిగారు.

బంట్రోతు వచ్చి చెవిలో ఏదో చెప్పగానే జడ్జిగారు విసుగ్గా పక్కనున్న తన గదిలోకి వెళ్ళారు. తలుపు ఓరగా ఉండిపోయింది. ఆ తలుపుకి ఎదురుగా గోడవార నిలబడ్డ మేస్త్రీకి లోపలంతా కనిపిస్తోంది. జడ్జిగారు సోఫాలో వాలి, కాలు మీద కాలు వేసుకుని ఫోన్ అందుకున్నారు. "ఎవరది?" అని గద్దించారు. అవతలివాళ్ళు ఎవరో చెప్పారు. జడ్జిగారు స్ప్రింగులా లేచి నిలబడ్డారు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని రెండో చేత్తో కోటు బొత్తాలు పెట్టుకున్నారు. "చిత్తం సార్, చిత్తం" అన్నారు. కాసేపటికి ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. ఫోన్ పెట్టేసి, నల్లకోటు విప్పి చేతిమీద వేసుకుని వెనక తలుపు గుండా వెళ్ళిపోయారు.

చట్టం అమల్లోకి వచ్చిన రోజునే ఒక జడ్జి సస్పెండయ్యాడు. సాయంత్రం పత్రికలన్నీ మంత్రిగారి నవ్వుమొహం వేశాయి.

హాలు ఖాళీ అయింది. వకీళ్ళు వెళ్ళిపోయారు, కొట్టుకున్న వాటాదారులు కూడా ఒకే బండి ఎక్కి వెళ్ళిపోయారు. గుమాస్తా కాగితాలు సర్దుకుంటున్నాడు.

"అయ్యగారు వెళ్ళిపోయారు గదండీ, నేనూ వెళ్ళొస్తానండి" అన్నాడు మేస్త్రీ, చెప్పులు వెతుక్కుంటూ.

"ఎక్కడికి?" అన్నాడు గుమాస్తా.

"ఇంటికండీ. అయ్యగారు లేచారు గదా."

"జడ్జిగారు లేచారు. కోర్టు లేవలేదు."

మేస్త్రీ ఖాళీ కుర్చీకేసి చూశాడు. మిగిలినవన్నీ ఖాళీ బెంచీలే. లేవాల్సిన కోర్టు ఇందులో ఎక్కడుందో అతనికి అంతుపట్టలేదు.

గుమాస్తా ఓపిగ్గా వివరించాడు. జడ్జిగారు ఈ కుర్చీ దగ్గర లేచి నిలబడి, హాలుకేసి తల వంచాలి. అప్పుడు బంట్రోతు 'కోర్టు లేచింది' అని కేక పెట్టాలి. అదీ లేవడమంటే. మధ్యలో గదిలోకి వెళ్ళడం విరామం కిందికొస్తుంది. జడ్జిగారు విరామంలో ఉండగా సస్పెండయ్యారు. కాబట్టి కోర్టు చట్టప్రకారం ఇంకా కూర్చునే ఉంది.

"పోనీ మీరే లేచిందనెయ్యండి గుమాస్తాగారూ."

"నేనా? కోర్టును లేపడానికి నేనెవర్ని?" గుమాస్తా నిజంగానే బెదిరిపోయాడు. తలుపు వేసుకుని వెళ్ళబోతూ, మళ్ళీ జాలేసి ఆగాడు. తీర్పు కాగితం తీసి ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. "చూడు మేస్త్రీ, ఇందులో కూర్చుంటే ఆరు నెలలన్నారు. పడుకుంటే ఎంతో రాయలేదు. నిలబడలేకపోతే పడుకో. కానీ నిలబడ్డవాడివి పడుకునేటప్పుడు మధ్యలో కూర్చున్నట్టు కాకుండా చూసుకో."

ఆ మర్నాడు పొద్దున్నే మేస్త్రీ భార్య క్యారియర్‌తో వచ్చింది.

"ఏం చేశారండీ?"

"ఏం చెయ్యలేదే. ఆ కుర్చీ కాలు వదులైందన్నాను."

"మనింట్లో కుర్చీ కాలు వదులైందని ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నాను! ఒక్కనాడు చెవిన పెట్టారా? ఊళ్ళోవాళ్ళ కుర్చీల సంగతి మీకెందుకు?"

మేస్త్రీ క్యారియర్ మూత తీశాడు. నిలబడే అన్నం తిన్నాడు. తింటూ తింటూ, "కొట్టు ఎవరు తీశారే?" అన్నాడు.

"తమ్ముడు చూసుకుంటున్నాడులెండి."

బామ్మర్ది తెలివైనవాడు. విరిగిన కుర్చీని బాగుచేయడం దండగనీ, విరిగిపోయే కుర్చీలు అమ్ముకుంటే కొట్టు నాలుగు కాలాలు నడుస్తుందనీ అతని సిద్ధాంతం. ప్లాస్టిక్ కుర్చీల కంపెనీవాడితో ఎప్పటినుంచో మంతనాలాడుతున్నాడు. మేస్త్రీ కొట్టులో ఉన్నంతకాలం గుమ్మం తొక్కనివ్వలేదు. ఇప్పుడు మేస్త్రీ కొట్టులో లేడు.

భార్య ఊరుకోలేదు. పక్క హాల్లో జడ్జిగారి దగ్గరికి వెళ్ళి బతిమాలింది. ఆయన మర్యాదస్తుడు. "నేను కూర్చోబెట్టని కోర్టును నేనెలా లేపుతానమ్మా? నా కోర్టంటావా, అది రోజూ టైముకి లేస్తోంది" అన్నారు. పై ఆఫీసుకి వెళితే, కోర్టు లేవడానికి సంబంధించిన సీటు ఖాళీగా ఉందన్నారు.

ఈలోగా మంత్రిగారు వేసిన విచారణ సంఘం దిగింది. అందులో రిటైరైన జడ్జి ఒకరు, రిటైరైన ఆఫీసరు ఒకరు, రిటైర్ కావడానికి ఇష్టపడని మేధావి ఒకరు. బాధితుడు హాలు దాటి రాలేడు కనక సంఘమే బాధితుడి దగ్గరికి వచ్చింది. ఇంత ఔదార్యం ఇదివరకెన్నడూ చూడలేదని సంఘం అధ్యక్షులవారే పత్రికలకు చెప్పారు.

"కూర్చో బాబూ" అన్నారు అధ్యక్షులు.

"కూర్చోకూడదండి."

"మేం చెబుతున్నాంగా, కూర్చో."

"కూర్చుంటే ఆరు నెలలండీ" అని గుమాస్తా అందించాడు.

"చట్టాన్ని గౌరవించే పౌరుడు. రాసుకోండి" అని అధ్యక్షులు ఆనందపడ్డారు. "ఇప్పుడు చెప్పు. నిన్ను జడ్జి కొట్టాడా?"

"లేదండి."

"బూతులు తిట్టాడా?"

"లేదండి."

"మరి నీకు జరిగిన అన్యాయమేమిటి?"

"నిలబెట్టారండి."

"ఎంతసేపు నిలబడ్డావు?"

"ఇంకా నిలబడే ఉన్నానండి."

సంఘం సభ్యులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేధావి గొంతు సవరించుకున్నాడు. "అలా చెబితే కుదరదయ్యా. ఈ సంఘం వేసింది జరిగిన అన్యాయం మీద విచారణకి. జరుగుతున్న అన్యాయం మా పరిధిలోకి రాదు. నిలబడ్డాను అని చెప్పు."

"నిలబడ్డానండి."

"ఆ. ఇప్పుడు బాగుంది."

కాసేపటికి కాగితాలు మడిచి ముగ్గురూ కుర్చీల్లోంచి లేచారు. మేస్త్రీ ప్రాణం లేచొచ్చింది. "అయ్యా, లేచారు గదండీ! నేను వెళ్ళొచ్చాండి?"

"మేం లేవలేదయ్యా" అన్నారు అధ్యక్షులు, నిలబడి కండువా సర్దుకుంటూ. "కోర్టు లేస్తుంది. కమిటీ వాయిదా పడుతుంది."

సంఘం నివేదికలో జడ్జిగారి తప్పు రుజువైంది. సస్పెన్షన్ సబబే అన్నారు. మేస్త్రీ ఓర్పును ఒక పేజీ నిండా మెచ్చుకున్నారు. అతన్ని పంపించమని రాయడం మాత్రం మరిచిపోయారు.

మంత్రిగారంటే గిట్టని పత్రిక ఒకటుంది. అది మేస్త్రీ ఫొటో వేసి 'మంత్రిగారు కాపాడిన మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు' అని రాసింది. మంత్రిగారి మనసు నొచ్చుకుంది. వెంటనే అధికారుల్ని పిలిచి, ఆ మనిషిని ఈ క్షణాన ఇంటికి పంపాలన్నారు. జడ్జి లేవనిదే కుదరదని వాళ్ళన్నారు. అయితే జడ్జిని తెచ్చి లేపండి అన్నారు మంత్రిగారు. సస్పెన్షన్లో ఉన్నవాడు కుర్చీ ఎక్కకూడదని వాళ్ళన్నారు. మంత్రిగారు ఇలాంటివాటికి జంకే మనిషి కాదు. అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పి రాయించారు. 'సదరు న్యాయమూర్తి సస్పెన్షన్‌ను కోర్టు లేచేవరకు నిలిపివేయడమైనది.'

ఆ ఉత్తర్వు చేరగానే గుమాస్తా ఒకటికి రెండుసార్లు చదివాడు. ఏదో అనబోయి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

జడ్జిగారు తిరిగొచ్చారు. హాలంతా లేచి నిలబడింది. మేస్త్రీ ఎలాగూ నిలబడే ఉన్నాడు, చెప్పుల్లో కాళ్ళు పెట్టి సిద్ధమయ్యాడు. భార్య గుమ్మం దగ్గర ఎదురుచూస్తోంది. జడ్జిగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కిర్రుమంది. ఇక లేచి తల వంచడమే తరువాయి. ఆయన రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి లేవబోతూ, ఉత్తర్వు మీద కన్ను పడి ఆగారు.

"గుమాస్తా, కోర్టు లేచేవరకు అంటే, లేవగానే మళ్ళీ సస్పెన్షనేనా?"

"అంతేనండి."

"లేవకపోతే?"

"లేవకపోతే తమరు జడ్జిగారేనండి."

జడ్జిగారు మెల్లగా వెనక్కి వాలారు. కుర్చీ కిర్రుమంది.

"తర్వాతి కేసు పిలు" అన్నారు.

ఆ రోజు నుంచి న్యాయచరిత్రలో కొత్త అధ్యాయం మొదలైంది. జడ్జిగారు లేవలేదు. కుర్చీలోనే భోజనం, కుర్చీలోనే కునుకు. మళ్ళీ ఫోన్ వస్తుందేమోనన్న భయంతో ఆయన నోట్లోంచి తేనె తప్ప ఇంకోటి రాలేదు. ఎవరైనా దగ్గితే "మంచినీళ్ళివ్వండి బాబుకి" అనేవారు. ఆవలిస్తే, "నిద్ర సరిపోలేదా నాయనా?" అని ఆరా తీసేవారు. బూట్లు కీచుమన్న వకీలుగారిని పిలిచి, ఎక్కడ కొన్నారో అడిగి తెలుసుకున్నారు. సత్ప్రవర్తన చట్టం ఇంత త్వరగా ఫలిస్తుందని మంత్రిగారు కూడా అనుకుని ఉండరు.

అందరికీ ఉండే అవసరాలు జడ్జిగారికీ ఉంటాయి. దానికి గుమాస్తాయే దారి చూపించాడు. కుర్చీ జరగడం వేరు, కోర్టు లేవడం వేరు అన్నాడు. అలా ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఇద్దరు బంట్రోతులు చెరోవైపు పట్టుకుని కుర్చీతో సహా జడ్జిగారిని గదివైపు మోసుకెళ్ళేవారు. తలుపు అవతల ఏం జరిగేదో గుమాస్తా రికార్డు చేయలేదు. మోసుకొచ్చి దింపినప్పుడల్లా ఎడమ కాలు ముందుగా నేలకు తగిలేది. మేస్త్రీ గుండె కలుక్కుమనేది. 'మెల్లగా బాబూ' అన్న మాట నోటిదాకా వచ్చేది. పళ్ళ మధ్య నాలుక నొక్కిపెట్టుకుని ఊరుకునేవాడు.

సాయంత్రాలు హాలు ఖాళీ అయ్యాక వాళ్ళిద్దరే మిగిలేవారు. ఒకరు కూర్చుని, ఒకరు నిలబడి.

"అయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి లేవండి. మళ్ళీ కూర్చుందురుగాని" అన్నాడు మేస్త్రీ ఒకరోజు.

"లేస్తే కూర్చోడానికి ఉండదయ్యా."

"మీరు లేవకపోతే నాకు నిలబడ్డానికి కొట్టుండదండి."

జడ్జిగారు నిట్టూర్చారు. "పిల్లలెంతమంది?"

"పిల్లల్లేరండి. బామ్మర్ది ఉన్నాడు."

"అయ్యో" అన్నారు జడ్జిగారు మనస్ఫూర్తిగా. కాసేపు పై కప్పుకేసి చూశారు. "సస్పెండయి ఇంట్లో కూర్చున్నానే, ఆ నాలుగు రోజులూ నన్ను ఒక్కడు 'అయ్యా' అనలేదు. 'మీ కాళ్ళు తీయండి, ఊడవాలి' అంది మా ఆవిడ. నేను కాళ్ళు తీశాను. ఎవరితోనూ అనకు."

మేస్త్రీకి ఆయన మీద జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. అయినా క్యారియర్లో సగం ఆయనకి పెట్టాడు. ఆయన కూర్చుని తిన్నారు, ఇతను నిలబడి తిన్నాడు.

"ఒక సంగతి ఒప్పుకోవాలి" అన్నారు జడ్జిగారు చెయ్యి తుడుచుకుంటూ. "నువ్వన్నది నిజమేనయ్యా. కాలు వదులైంది. ఊగుతోంది."

మేస్త్రీ కళ్ళు మెరిశాయి. "ఒక్క నిమిషం లేవండి, మేకు కొట్టేస్తాను" అన్నాడు. ఆ మాట అతను కుర్చీ మీద ప్రేమతోనే అన్నాడు.

జడ్జిగారు వేలు ఊపి నవ్వారు. "గడుసువాడివే" అన్నారు.

మర్నాడు భార్య క్యారియర్ తెచ్చిందిగానీ మూత తీయలేదు. ఏదో దాస్తున్నట్టుంది.

"చెప్పవే, ఏమైంది?"

"తమ్ముడు మీ ఉలీ రంపం అటకెక్కించాడు. కొట్టు నిండా ప్లాస్టిక్ కుర్చీలే. ఎర్రవి, నీలంవి. కొత్త బోర్డు కూడా రాయించాడు. దాని మీద వాడి పేరుంది."

"బోర్డు ఎక్కించాడా?"

"ఇంకా లేదు. మేకులు కొట్టడం వాడికి రాదుగా. మనిషి కోసం చూస్తున్నాడు."

మేస్త్రీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పటి నుంచి ఆ కొట్టే అతని ప్రపంచం. కాళ్ళ వాపు కనిపించకుండా దాచుకున్నాడుగానీ ఈ నీళ్ళు దాచుకోలేకపోయాడు.

"ఈయన లేవడే! మనలాంటివాళ్ళ కోసం ఎందుకు లేస్తాడు! ఆ రోజు ఫోన్లో మంత్రిగారు అనగానే ఎలా లేచాడనుకున్నావు! స్ప్రింగులా లేచి, బొత్తాలు కూడా పెట్టుకున్నాడు. నా కళ్ళారా చూశాను" అన్నాడు, జడ్జిగారికి వినబడకుండా.

భార్య చెయ్యి క్యారియర్ మీద ఆగిపోయింది. "ఏమన్నారు?"

"బొత్తాలు పెట్టుకున్నాడన్నాను."

"ఫోన్లోనే?"

"ఫోన్లోనే."

ఆవిడ కొంగు బిగించి, మూత తీయని క్యారియర్‌ను మొగుడి చేతికి కాకుండా జడ్జిగారి బల్ల మీద పెట్టి, చరచరా వెళ్ళిపోయింది.

ఆవిడ మంత్రిగారి ఆఫీసు గుమ్మంలో సాయంత్రందాకా కాచుక్కూర్చుందని తర్వాత తెలిసింది. మంత్రిగారు బయటికి రాగానే ఎదురెళ్ళి, ఫిర్యాదు కాదు, కృతజ్ఞతలు చెప్పింది. అయ్యా, మీ చట్టం పుణ్యమా అని మా జడ్జిగారు కుర్చీ దిగకుండా కేసులు వింటున్నారు, ఇలాంటి వింత ఎక్కడైనా ఉందా, మీరే స్వయంగా వచ్చి ఆయన్ని సత్కరిస్తే చూడాలని మా ఆయన నిలబడి ఎదురుచూస్తున్నాడు అంది. వాకిట్లో ఫొటోగ్రాఫర్లు కూడా ఉన్నారు. మంత్రిగారు కరిగిపోయారు.

"ఒకప్పుడు జడ్జీలు కోర్టుకి రావడమే గగనం. మా పాలనలో కోర్టులోంచి లేవడమే మానేశారు!" అని ఆ సాయంత్రమే ప్రకటించారు. జడ్జిగారికి 'నిరంతర న్యాయ పురస్కారం' ఇస్తామన్నారు. తాను సస్పెండ్ చేసిందీ ఆయన్నేనని గుర్తుచేసే ధైర్యం చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ లేకపోయింది.

సన్మానం రోజు హాలు కడిగి పూలకుండీలు పెట్టారు. ఫొటోల్లో బాగుండదని మేస్త్రీకి అడ్డంగా ఒక బ్యానర్ కట్టారు. బ్యానర్ మీద మంత్రిగారున్నారు. ఆయన చెవి పక్కనుంచి తొంగి చూస్తే మేస్త్రీకి హాలంతా కనిపిస్తోంది. భార్య అతని చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నిలబడింది. జడ్జిగారు ఉతికిన నల్లకోటు వేసుకుని, కూర్చునే సన్మానం అందుకుంటానని నిర్వాహకులతో ముందే ఒప్పందం చేసుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నారు.

బయట కార్లు ఆగిన చప్పుడు. బంట్రోతు తలుపులు బార్లా తెరిచాడు.

"ఏమయ్యా జడ్జీ, బాగున్నావా?" అంటూ మంత్రిగారు లోపలికొచ్చారు.

జడ్జిగారి బుర్ర వద్దనేలోపే మోకాళ్ళు లేచిపోయాయి. నిటారుగా నిలబడ్డారు. చెయ్యి దానంతటదే బొత్తాలు పెట్టుకుంది. "చిత్తం సార్" అని తల వంచారు.

జడ్జిగారు కుర్చీ దగ్గర లేచి తల వంచడం బంట్రోతు కంటబడింది. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఆ దృశ్యం చూడగానే అతను చేసే పని ఒక్కటే. గుండెలనిండా గాలి పీల్చి, "కోర్టు లేచింది!" అని కేక పెట్టాడు.

గుమాస్తా ఏదో రాసి, కింద గీత గీసి, కలం మూత పెట్టాడు. "మేస్త్రీ, నీ శిక్ష పూర్తయింది. వెళ్ళు" అన్నాడు. తర్వాత జడ్జిగారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అయ్యా, తమరు కూడా" అన్నాడు.

జడ్జిగారు వెనక్కి తిరిగి కుర్చీకేసి చూశారు. మంత్రిగారు అప్పటికే ఆయన చేతుల్లో షీల్డు పెట్టి, ఆయన్ని పక్కకు జరిపారు.

మేస్త్రీ బ్యానర్ కింద నుంచి దూరి బయటికొచ్చాడు. కాళ్ళు తూలుతుంటే భార్య రెక్క పట్టుకుంది. "పదండి, పదండి. బోర్డు ఇంకా కిందే ఉంది" అంటూ తలుపు వైపు నడిపించింది. గుమ్మం దగ్గర వెనక నుంచి మంత్రిగారి గొంతు వినిపించింది.

"ఖాళీ కుర్చీ బాగోదయ్యా. ఇందులో కూర్చుని ఒక ఫొటో దిగుతాను. న్యాయపీఠం మీద ప్రజల మనిషి. ఎలా ఉంటుంది?"

"అదిరిపోతుంది సార్" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

మేస్త్రీ తిరిగి చూశాడు. మోసీ మోసీ కుర్చీ ఎడమ కాలు పక్కకు వంగిపోయి ఉంది. మంత్రిగారు ఫొటోగ్రాఫర్ వైపు నవ్వుతూ, వెనక్కి చూసుకోకుండా ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. మేస్త్రీ వృత్తిధర్మం గొంతులోకి పొంగుకొచ్చింది.

"సార్! ఆ కుర్చీకి..."

భార్య అరచెయ్యి అతని నోటి మీద పడింది. "ఊళ్ళోవాళ్ళ కుర్చీల సంగతి మీకెందుకు? నడవండి."

మేస్త్రీ నడిచాడు. గేటు పక్కన రాతి అరుగు కనిపించింది. అటూ ఇటూ చూసి, మెల్లగా, మొదటిసారి కూర్చుంటున్నట్టు కూర్చున్నాడు. హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

లోపల చప్పట్లు మొదలయ్యాయి. వాటి మధ్యలో దబ్బుమని పెద్ద చప్పుడైంది. చప్పట్లు ఆగిపోయాయి.

"ఎడమ కాలే" అన్నాడు మేస్త్రీ, భార్యకు మాత్రమే వినబడేట్టు.